ఇరాన్ సమాజం, సంస్కృతి: బోధన్ చెరకు ప్రాంతం నుంచి ఒక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

• నిజామాబాద్, బోధన్ ప్రాంతాల వాడుక మాటల్లోనూ పాలనా పదాల్లోనూ ఉన్న పారశీక ప్రభావాన్ని గుర్తించగలుగుతారు.
• ఇరాన్‌లోని భాషలు, మతాలు, పండుగలు, ఇంటి ఆచారాలను వివరించగలుగుతారు.
• ఇరాన్ స్త్రీల స్థితిని, విద్యను, సినిమాను రెండు వైపుల నుంచీ చర్చించగలుగుతారు.
• ఒక దూరదేశం గురించి వచ్చే వార్తను ప్రశ్నించి చదవగలుగుతారు.

1. పరిచయం

"ఇరాన్" అనే మాట వినగానే మీకు ఏవి గుర్తుకు వస్తాయి? ఒక కాగితం మీద అయిదు మాటలు రాయండి. పాఠం పూర్తయ్యేవరకు ఆ కాగితాన్ని దగ్గరే ఉంచుకోండి.

చాలామంది రాసే మాటలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి: యుద్ధం, అణుబాంబు, చమురు, నల్లని ముసుగు, ఆంక్షలు. ఇవి అబద్ధాలు కావు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య 12 రోజులు యుద్ధం జరిగింది. ఇరాన్‌పై అమెరికా ఆంక్షలు చాలా ఏళ్ళుగా ఉన్నాయి. స్త్రీలు తల కప్పుకోవాలనే చట్టమూ ఉంది. అయితే ఈ అయిదు మాటల్లో సుమారు 9 కోట్ల మంది ప్రజలు కనిపించరు. వారు పొద్దున ఏం తాగుతారు, పిల్లలకు ఏం చదివిస్తారు, జీతం రాకపోతే ఎవరిని అడుగుతారు, పండుగకు ఏం వండుతారు అనే విషయాలు ఆ మాటల వల్ల తెలియవు.

ఈ ప్రశ్న నిజామాబాద్ జిల్లా విద్యార్థులకు మరీ దగ్గరిది. ఈ జిల్లాలోని ఎన్నో కుటుంబాల నుంచి ఎవరో ఒకరు గల్ఫ్ దేశాలలో పని చేస్తున్నారు. దుబాయి, దోహా, కువైట్ నగరాలు ఉన్న సముద్రానికి ఆవలి ఒడ్డే ఇరాన్. అక్కడ ఉద్రిక్తత పెరిగిన ప్రతిసారీ ఇక్కడి ఇళ్ళలో ఫోన్లు మోగుతాయి. అంత దగ్గరి దేశం గురించి మనకు తెలిసింది మాత్రం టీవీ తెర మీద నడిచే రెండు వరుసలే. అందుకే ఈ పాఠంలో ఇరాన్‌ను వార్తల నుంచి కాక, మీ చుట్టూ ఉన్న మాటల నుంచి, మీకు తెలిసిన చెరకు నుంచి మొదలుపెట్టి పరిశీలిద్దాం.

2. మన మాటల్లో పారశీకం

2.1 ఊరి పేరు, కచేరి మాటలు

నిజామాబాద్‌కు పాత పేరు ఇందూరు. ఇప్పటి పేరులో "నిజాం" అరబ్బీ మాట, "ఆబాద్" పారశీక మాట. ఆబాద్ అంటే జనంతో, సాగుతో కళకళలాడే చోటు. ఇరాన్ పటంలో ఖుర్రమాబాద్, నజఫాబాద్ వంటి ఊళ్ళు కనిపిస్తాయి. మన హైదరాబాద్, ఆదిలాబాద్ పేర్లు కట్టిన పద్ధతీ అదే.

ఈ మాటలు ఇక్కడికి ఎలా వచ్చాయి? గోల్కొండలో 1518లో కుతుబ్‌షాహీ పాలనకు పునాది వేసిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1591లో హైదరాబాద్ నగర నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్త్రాబాద్‌కు చెందినవాడు. అంతకు ముందే బహమనీ రాజ్యానికి ప్రధానిగా ఉన్న మహమూద్ గవాన్ కాస్పియన్ సముద్ర తీరంలోని గీలాన్ నుంచి వచ్చి, బీదర్‌లో 1472లో పెద్ద మదర్సా కట్టించాడు. బీదర్ ప్రాంతం మీదుగా పారే మంజీరా నదే నిజాంసాగర్‌ను నింపి, బోధన్ పొలాలకు నీరిచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆసఫ్‌జాహీల కాలంలోనూ 1880ల దశకంలో ఉర్దూ ఆ స్థానంలోకి వచ్చేవరకు పారశీకమే రాజభాష.

అందువల్ల తహసీలు ఆఫీసులో మీరు వాడే మాటలు చాలావరకు పారశీకం ద్వారా వచ్చినవే. దరఖాస్తు, దస్తావేజు, రసీదు, జమీను, సర్కారు, గుమాస్తా, సిఫారసు, జమాబందీ చూడండి. తహసీల్దారు, జమీందారు, హవల్దారు అనే మాటల చివర ఉన్న "దారు"కు పారశీకంలో "కలవాడు" అని అర్థం. ఇంట్లో దర్వాజ, పరదా, రుమాలు, తరాజు కూడా అక్కడివే. మనం అచ్చ తెలుగే అనుకొని వాడే "రోజు" కూడా పారశీకపు "రూజ్" నుంచి వచ్చింది. ఈనాడు టెహరాన్‌లో ఎవరైనా ఆఫీసుకు వెళ్తే రాసిచ్చేది "దర్‌ఖాస్త్", డబ్బు కట్టి తీసుకొనేది "రసీద్". ఫ్యాక్టరీని వారు "కార్‌ఖానె" అంటారు. మన పెద్దలు కార్ఖానా అనే అంటారు.

2.2 అరబ్బులా, ఇరానీయులా?

ఇరానీయులను అరబ్బులు అనుకోవడం మన దగ్గర బాగా కనిపించే పొరపాటు. లిపి అరబ్బీ లిపి నుంచి వచ్చింది, ఎక్కువమంది మతం ఇస్లాం. కాని భాషా కుటుంబం వేరు. అరబ్బీ సెమిటిక్ భాష. పారశీకం సంస్కృతానికి చుట్టం. రెండూ ఇండో-ఇరానియన్ శాఖకు చెందినవి. కింది జతలు చూడండి:

మాదర్ – మాతృ
బరాదర్ – భ్రాతృ
నామ్ – నామ
పంజ్ – పంచ
హఫ్త్ – సప్త
దహ్ – దశ

సంస్కృతంలో "స" ఉన్నచోట పారశీకంలో తరచు "హ" వస్తుంది. సప్త హఫ్త్ అయింది, సింధు హిందు అయింది. మన దేశ ప్రజల్లో ఎక్కువమందిని సూచించే "హిందూ" అనే మాట పలుకుబడి ఇరాన్ నాలుకదే. ఈ "హఫ్త్" అనే మాటను గుర్తుంచుకోండి. పాఠంలో మళ్ళీ వస్తుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
(అ) మీ ఇంట్లో ఉన్న ఏదైనా భూమి కాగితం తీసి, అందులో పారశీకం ద్వారా వచ్చిన అయిదు పదాలు గుర్తించండి.
(ఆ) అరబ్బీ, పారశీక భాషలకు తేడా ఏమిటి?

3. చక్కెర ప్రయాణం

బోధన్ పక్కన చక్కెర ఫ్యాక్టరీ కట్టిన చోటికి శక్కర్‌నగర్ అని పేరు. ఈ పేరు ఒక చిన్న చరిత్ర పాఠం. సంస్కృతంలో "శర్కర" అనే మాట ఉంది. అది ప్రాకృతం మీదుగా తెలుగులో "చక్కెర" అయింది. అదే మాట పడమర దిక్కుగా ఇరాన్ వెళ్ళి "శకర్" అయింది, అక్కడినుంచి అరబ్బీలో "సుక్కర్", ఐరోపా భాషల్లో "షుగర్" వంటి రూపాలు దాల్చింది. పారశీక, ఉర్దూల ద్వారా అది "శక్కర్"గా దక్కనుకు తిరిగివచ్చి బోధన్ పక్కన ఊరి పేరయింది. కండచక్కెరలోని "కండ" కథా ఇలాంటిదే. సంస్కృత "ఖండ" పారశీకంలో "కంద్" అయి, అరబ్బీ మీదుగా వెళ్ళి, ఇంగ్లీషు "క్యాండీ"కి మూలమయింది.

మాటతో పాటు పనీ ప్రయాణించింది. చెరకు రసాన్ని గడ్డకట్టించే విద్య భారతదేశం నుంచి ఇరాన్‌కు చేరింది. ఇరాన్ నైరుతి మూలన ఉన్న ఖూజిస్తాన్ అనే మైదాన ప్రాంతం మధ్యయుగాల్లో చెరకు సాగుకు, చక్కెరకు ప్రసిద్ధి పొందింది. ఆ ప్రాంతంలోనే గుండేషాపూర్ అనే విద్యాకేంద్రం ఉండేది. 6వ శతాబ్దంలో ఖుస్రో అనూషిర్వాన్ అనే రాజు కాలంలో బుర్జోయ్ అనే వైద్యుడు భారతదేశానికి వచ్చి పంచతంత్రాన్ని తీసుకువెళ్ళి పహ్లవీ భాషలోకి మార్చాడని ప్రసిద్ధి. అదే తరవాత అరబ్బీలో "కలీలా వ దిమ్నా" అయి ప్రపంచమంతా తిరిగింది. కరటక దమనకులే ఆ కలీలా దిమ్నాలు. చతురంగం కూడా ఇదే దారిలో "శత్రంజ్" అయింది.

రాకపోకలు ఒక్క వైపువి కావని దీనివల్ల తెలుస్తుంది. మనం తీసుకున్నాం, ఇచ్చాం. ఇప్పటికీ ఇస్తున్నాం. నిజామాబాద్ మార్కెట్ పసుపుకు పేరు పొందింది. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025లో ఇక్కడే ప్రారంభమయింది. పసుపును ఇరానీయులు "జర్ద్ చూబె" అంటారు, అంటే పచ్చని కొమ్ము. వారి మాంసం కూరల్లో, పప్పుల్లో అది లేకుండా వంట జరగదు. భారతదేశపు పసుపును, బాస్మతి బియ్యాన్ని కొనే దేశాల్లో ఇరాన్ ముఖ్యమైనది.

4. ఇరాన్ ప్రజలు

ఇరాన్ విస్తీర్ణం సుమారు 16.5 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశంలో దాదాపు సగం. అందరూ ఫార్సీ మాట్లాడరు. వాయవ్యంలో టర్కీ భాషకు దగ్గరిదైన అజరీ, పడమటి కొండల్లో కుర్దీ, లూరీ, ఆగ్నేయంలో బలూచీ, ఖూజిస్తాన్‌లో అరబ్బీ, కాస్పియన్ తీరంలో గీలకీ, మాజందరానీ వినిపిస్తాయి. బోధన్ బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ ఒకేచోట వినేవారికి ఇది వింతగా తోచదు.

ఎక్కువమంది షియా ముస్లింలు. 1501లో సఫవీ రాజులు షియా మార్గాన్ని రాజమతం చేశారు. కుర్దు, బలూచీ ప్రాంతాల్లో సున్నీలు ఉన్నారు. ఆర్మీనియా, అస్సీరియా క్రైస్తవులు, యూదులు, జొరాస్ట్రియన్లు తరతరాలుగా ఉన్నారు; 290 స్థానాల పార్లమెంటులో వీరికి 5 స్థానాలు ప్రత్యేకించారు. మన దేశంలోని పార్సీల పూర్వీకులు ఇరాన్ నుంచి వచ్చిన జొరాస్ట్రియన్లే. బహాయీ మతానికి మాత్రం ఇరాన్‌లోనే పుట్టినప్పటికీ చట్టపరమైన గుర్తింపు లేదు, వారు వివక్షను ఎదుర్కొంటున్నారు. ఈ రెండు విషయాలనూ కలిపి గుర్తుంచుకోవాలి. ఒకటి చెప్పి ఇంకొకటి వదిలితే చిత్రం వంకర అవుతుంది.

5. ఇంటి జీవితం

5.1 టీ

హైదరాబాద్ ఇరానీ హోటళ్ళను మీరు ఎరుగుదురు. పాలు చిక్కగా మరిగించి, డికాషన్ కలిపి ఇచ్చే ఇరానీ చాయ్, పక్కన ఉస్మానియా బిస్కెట్. ఇరాన్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఈ హోటళ్ళను నడిపాయి. కాని ఇరాన్‌లో ఎవరి ఇంటికైనా వెళ్ళి ఇరానీ చాయ్ అడిగితే ఇలాంటిది దొరకదు. అక్కడ పాలు కలపరు. గాజు గ్లాసులో ఎర్రని టీ పోస్తారు. పళ్ళ మధ్య చిన్న చక్కెర గడ్డ పెట్టుకొని దాని మీదుగా టీ తాగుతారు. ఆ గడ్డ పేరు "కంద్". అంటే మన కండచక్కెర మాటే.

టీ కూడా భారతదేశంతో ముడిపడిందే. 1900 ప్రాంతంలో భారతదేశంలో ఇరాన్ ప్రతినిధిగా పని చేసిన కాషెఫ్ అల్ సల్తనే, కాంగ్‌డా ప్రాంతంలో తేయాకు సాగు నేర్చుకొని, మొక్కలు తీసుకువెళ్ళి, గీలాన్‌లోని లాహీజాన్‌లో నాటించాడు. హైదరాబాద్ ఇరానీ చాయ్ ఇరాన్‌ది కాదు, అలాగని అబద్ధమూ కాదు. అది ఇక్కడికి వచ్చిన ఇరానీయులు ఇక్కడి వారితో కలిసి తయారుచేసుకున్నది.

5.2 నవ్‌రోజ్

ఇరానీయుల అతి పెద్ద పండుగ నవ్‌రోజ్. నవ్ అంటే కొత్త, రోజ్ అంటే రోజు. వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే క్షణాన, అంటే మార్చి 20, 21 ప్రాంతంలో, కొత్త సంవత్సరం మొదలవుతుంది. మన ఉగాది చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి తేదీ మారుతూ ఉంటుంది. 2023లో నవ్‌రోజ్ మార్చి 21న, ఉగాది మార్చి 22న వచ్చాయి. నవ్‌రోజ్ ఇస్లాం కంటే పాతది. షియా మతపెద్దల ప్రభుత్వం ఉన్న దేశంలోనూ ప్రజలు దాన్ని వదలలేదు.

పండుగకు ముందు ఇల్లంతా కడుగుతారు. ఏడాది చివరి మంగళవారం రాత్రి వీధుల్లో చిన్న మంటలు వేసి వాటి మీదుగా దూకుతారు. పండుగనాడు "హఫ్త్ సీన్" అనే పళ్ళెం సర్దుతారు. "స" అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు అందులో ఉంటాయి: సీబ్ (ఆపిల్), సీర్ (వెల్లుల్లి), సెర్కె (పులియబెట్టిన సిర్కా), సబ్జె (మొలకెత్తిన గోధుమ లేదా పప్పుల నారు) మొదలైనవి. ఉగాది పచ్చడిలో ఆరు రుచులు కలిపే మనకు ఈ ఆలోచన వెంటనే అర్థమవుతుంది. 13వ రోజున ఎవరూ ఇంట్లో ఉండరు. అందరూ ఊరి బయట తోటలకు వెళ్ళి, పెంచిన నారును పారే నీటిలో వదులుతారు. నిజామాబాద్ జిల్లా తండాల్లో లంబాడీ ఆడపిల్లలు తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమ నారు పెంచి చివరి రోజు చెరువులో వదలడం మీరు చూసే ఉంటారు. ఒకటి మరొకదాని నుంచి వచ్చిందని మనం అనడం లేదు. పంట మీద బతికే సమాజాలు ఒకే రకమైన కోరికను ఒకే రకంగా చెప్పుకుంటాయని మాత్రమే గమనించండి.

5.3 మర్యాద

ఇరాన్‌లో "తారోఫ్" అనే మర్యాద ఉంది. దుకాణంలో ధర అడిగితే దుకాణదారు ముందుగా, "మీకంటే ఎక్కువా, వద్దులెండి" అన్నట్టుగా మాట్లాడతాడు. కొనేవారు రెండు మూడుసార్లు అడిగి డబ్బు ఇవ్వాలి. నిజంగానే వద్దన్నాడని సరుకు తీసుకొని వెళ్ళకూడదు. అతిథి కూడా మొదటిసారే తింటానని అనడు. మన ఊళ్ళలో చుట్టాలు వచ్చి "ఇప్పుడే తిని వచ్చిన, ఏం వద్దు" అనడం, "అట్లెట్ల, రెండు ముద్దలన్నా తినాలె" అని మనం పట్టుబట్టడం ఇలాంటిదే. విదేశీ యాత్రికులు తారోఫ్‌ను కపటం అని రాసిన సందర్భాలు ఉన్నాయి. మనకు అది కపటంగా కనిపించదు. ఎదుటివారి మాన్యతను నిలబెట్టే పద్ధతిగా కనిపిస్తుంది.

6. మొహర్రం, పీర్ల పండుగ

క్రీ.శ. 680లో ఇప్పటి ఇరాక్‌లోని కర్బలాలో ఇమామ్ హుసేన్ తన చిన్న పరివారంతో కలిసి ప్రాణాలు కోల్పోయాడు. ఇరాన్‌లో ఏటా మొహర్రం పదిరోజులూ ఈ దుఃఖాన్ని తలచుకుంటారు. "తాజియే" అనే వీధి నాటకంలో కర్బలా కథను ఆడతారు. యునెస్కో 2010లో దీన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ఇదే కథ పీర్ల పండుగ అయింది. "పీర్" అనే పారశీక మాటకు పెద్దవాడు, గురువు అని అర్థం. పీర్లను నిలబెట్టేచోట అలావ గుండం తవ్వుతారు. డప్పులు మోగుతాయి. హిందువులు, ముస్లింలు కలిసి మొక్కులు చెల్లిస్తారు. ముస్లిం ఇళ్ళు ఒకటి రెండే ఉన్న ఊళ్ళలోనూ పండుగ ఆగదు. ఇరాన్‌లో ఇది శోకం. మన పల్లెల్లో శోకంతో పాటు మొక్కు, జాతర కూడా. ఒకే కథ కొత్త నేలకు చేరినప్పుడు అక్కడి వారి కథ ఎలా అవుతుందో ఈ రెండింటినీ పోల్చి తెలుసుకోవచ్చు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
(అ) హఫ్త్ సీన్‌ను, ఉగాది పచ్చడిని పోల్చండి.
(ఆ) హైదరాబాద్ ఇరానీ చాయ్‌కి, ఇరాన్‌లో తాగే టీకి తేడాలు రాయండి.

7. స్త్రీలు, చదువు, సినిమా

ఇరాన్ గురించి ఎక్కువ వాదనలు స్త్రీల చుట్టూనే జరుగుతాయి. ఇక్కడ రెండు నిజాలు పక్కపక్కనే ఉన్నాయి.

మొదటిది: 1979 విప్లవం తరవాత స్త్రీలు తల కప్పుకోవడం తప్పనిసరి అయింది. విడాకులు, వారసత్వం, సాక్ష్యం విషయాల్లో చట్టం వారిని పురుషులతో సమానంగా చూడదు. 2022 సెప్టెంబరులో తలముసుగు సరిగ్గా లేదని అదుపులోకి తీసుకున్న మహ్సా అమీనీ అనే 22 ఏళ్ళ కుర్దు యువతి పోలీసు నిర్బంధంలో ఉండగా మరణించింది. "స్త్రీ, జీవితం, స్వేచ్ఛ" అనే నినాదంతో దేశమంతటా ఆందోళన లేచింది. దాన్ని ప్రభుత్వం కఠినంగా అణచివేసింది.

రెండవది: అదే దేశంలో ఆడపిల్లల చదువు వేగంగా పెరిగింది. 2000ల దశకంలో విశ్వవిద్యాలయాల్లో చేరేవారిలో సగానికి పైగా అమ్మాయిలే. టెహరాన్‌లో పుట్టి అక్కడే చదివిన మరియం మీర్జాఖానీ 2014లో గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకం పొందిన మొదటి మహిళ. షిరీన్ ఎబాదీ 2003లో, నర్గిస్ మొహమ్మదీ 2023లో నోబెల్ శాంతి బహుమతి పొందారు. నర్గిస్ మొహమ్మదీ ఆ సమయంలో జైలులో ఉన్నారు. 1980ల నుంచి పల్లెల్లో "ఖానె బెహ్‌దాష్త్" అనే ఆరోగ్య కేంద్రాలు విస్తరించాయి. మన ఆశా కార్యకర్తల వలె ఊరివారినే శిక్షణ ఇచ్చి నియమించారు. 1980ల నడుమ ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురికి పైగా పిల్లలు ఉంటే, 2000 నాటికి ఆ సంఖ్య దాదాపు రెండుకు తగ్గింది.

ఒక వైపు వార్తలు మొదటి నిజాన్నే చెప్పి, ఇరాన్ స్త్రీని నోరులేని బాధితురాలిగా చూపుతాయి. మరోవైపు ఇరాన్ ప్రభుత్వ ప్రచారం రెండవ నిజాన్నే చెప్పి మొదటిదాన్ని దాస్తుంది. చదువుకున్నారు కాబట్టే అడుగుతున్నారు అని అర్థం చేసుకున్నప్పుడు రెండూ ఒకే కథలో భాగాలవుతాయి.

ఆ కథ సినిమాల్లో బాగా కనిపిస్తుంది. అబ్బాస్ కియారొస్తామీ, మజీద్ మజీదీ, అస్గర్ ఫర్హాదీ, జాఫర్ పనాహీ పేర్లు గుర్తుంచుకోండి. మజీదీ తీసిన "చిల్డ్రన్ ఆఫ్ హెవెన్" (1997) ఒక అన్న, చెల్లెలు ఒకే జత బూట్లు పంచుకొని బడికి వెళ్ళే కథ. ఫర్హాదీ తీసిన "ఎ సెపరేషన్" 2012లో ఆస్కార్ పొందింది. అందులో విడిపోవాలనుకునే మధ్యతరగతి దంపతులు, వారి ఇంట్లో పని చేసే పేద స్త్రీ కుటుంబం కోర్టులో ఎదురుపడతారు. ఎవరినీ దుర్మార్గులని తేల్చలేం. సినిమాలు తీయకూడదని 2010లో నిషేధం ఎదుర్కొన్న పనాహీ, తీయడం మానలేదు. 2025లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పొందారు.

8. రెండు చక్కెర ఫ్యాక్టరీలు

ఇప్పుడు "హఫ్త్" అనే మాట దగ్గరికి వద్దాం. ఖూజిస్తాన్‌లో హఫ్త్ తప్పే అనే చోటు ఉంది. ఆ పేరుకు ఏడు దిబ్బలు అని అర్థం. అక్కడి దిబ్బల కింద మూడువేల ఏళ్ళకు పైబడిన ఎలామైట్ నగరం బయటపడింది. దాని పక్కనే 1960ల మొదట్లో చెరకు తోటలు, పెద్ద చక్కెర ఫ్యాక్టరీ వెలిశాయి. 1963లో పూర్తయిన దెజ్ ఆనకట్ట ఆ మైదానానికి నీరు తెచ్చింది.

బోధన్ చరిత్రను దీని పక్కన పెట్టి చూడండి. మంజీరా మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీటితో చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఒకప్పుడు అది ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు పొందింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. జీతాల బకాయిల కోసం కార్మికులు, తిరిగి తెరవాలని రైతులు ఏళ్ళతరబడి ఆందోళన చేశారు. 2024లో పునరుద్ధరణను పరిశీలించడానికి రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది.

హఫ్త్ తప్పేను 2015లోనే ప్రైవేటు వారికి అమ్మారు. కొద్దికాలానికే నెలల తరబడి జీతాలు అందలేదు. 2018 నవంబరులో వేలాది కార్మికులు పని మాని షూష్ పట్టణ వీధుల్లోకి వచ్చారు. భార్యాపిల్లలూ వారితో నడిచారు. కార్మిక ప్రతినిధులను, వారి గురించి రాసినవారిని అరెస్టు చేశారు. సమ్మెలు ఆగలేదు. 2020లో మళ్ళీ దీర్ఘకాలం సమ్మె జరిగింది. చివరికి 2021లో ఆ అమ్మకాన్ని రద్దు చేశారు.

రెండు చోట్ల రాజకీయ వ్యవస్థలు ఒకటి కావు. ఇక్కడ సంఘం పెట్టుకోవడం హక్కు. అక్కడ స్వతంత్ర కార్మిక సంఘం పెట్టినందుకు జైలుకు వెళ్ళినవారు ఉన్నారు. ఆ తేడాను చిన్నది చేయకూడదు. కాని శక్కర్‌నగర్ క్వార్టర్లలో పెరిగిన విద్యార్థికి హఫ్త్ తప్పే కార్మికుడి ఇంటి పరిస్థితిని ఎవరూ వివరించనక్కర లేదు. కిరాణా దుకాణంలో ఖాతా ఎట్లా పెరుగుతుందో, చెరకు నరకడం ఆలస్యమైతే రైతు గుండె ఎట్లా కొట్టుకుంటుందో, పొగగొట్టం నుంచి పొగ రాని సీజన్ ఎట్లా ఉంటుందో ఆ విద్యార్థికి తెలుసు.

బోధన్ ఫ్యాక్టరీ మూతపడిన వార్త బయటి పత్రికల్లో ఎంత వచ్చి ఉంటుంది? చాలాచోట్ల కొద్ది వరుసలు మాత్రమే. ఆ వరుసల్లో మీ ఊరు పూర్తిగా కనిపించిందా? కనిపించలేదని మీకు తెలుసు. ఖూజిస్తాన్‌లోని విద్యార్థికీ తన ఊరి గురించి ఇదే తెలుసు. ఇరాన్ వార్త చదివేటప్పుడు మీకు పనికివచ్చే అతి ముఖ్యమైన అనుభవం ఇదే.

9. దూరదేశపు వార్తను చదవడం ఎలా?

ఇరాన్ గురించిన చిత్రం ఎందుకు ఇలా ఏర్పడింది? 1953లో ఎన్నికైన ప్రధాని మొసద్దెగ్‌ను అమెరికా, బ్రిటన్‌ల తోడ్పాటుతో జరిగిన కుట్ర పదవి నుంచి దించింది. ఈ విషయం ఇరానీయుల జ్ఞాపకంలో బలంగా ఉంది. 1979లో టెహరాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయ సిబ్బందిని బందీలు చేశారు. 444 రోజులు ఆ దృశ్యాలే అమెరికా టీవీల్లో ప్రతిరోజూ వచ్చాయి. కాబట్టి అమెరికన్లకు కథ 1979లో మొదలవుతుంది, ఇరానీయులకు 1953లో మొదలవుతుంది. ఎడ్వర్డ్ సయీద్ 1981లో "కవరింగ్ ఇస్లాం" అనే పుస్తకంలో వార్తా సంస్థలు ఇరాన్‌ను చూపిన తీరును విశ్లేషించాడు. మన టీవీలకు అందే దృశ్యాలు, వార్తలు చాలావరకు పెద్ద అంతర్జాతీయ సంస్థల నుంచే వస్తాయి. అందువల్ల వాటితో పాటు వారి చూపూ వస్తుంది.

వార్త చదివినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

1. ఈ విషయం చెబుతున్నది ఎవరు? విదేశీ ప్రభుత్వమా, ఇరాన్ ప్రభుత్వమా, అక్కడి సామాన్యులా?
2. కథను ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టారు? దానికి ముందు ఏం జరిగింది?
3. "ఇరాన్" అన్నప్పుడు ప్రభుత్వం గురించి చెబుతున్నారా, ప్రజల గురించా?
4. ఇందులో మామూలు రోజు కనిపిస్తుందా? పని, చదువు, వంట, పండుగ, ఆసుపత్రి వంటివి ఉన్నాయా?

ఈ ప్రశ్నలు ఇరాన్‌ను మెచ్చుకోవడానికి కావు, తప్పుపట్టడానికీ కావు. తప్పు జరిగినచోట ఎవరికి జరిగిందో, ఎవరు ఎదిరిస్తున్నారో స్పష్టంగా చూడటానికి.

10. సారాంశం

ఇరాన్ మనకు కొత్త దేశం కాదు. అక్కడి మాటలు మన కచేరి కాగితాల్లో, మన ఊళ్ళ పేర్లలో ఉన్నాయి. మన శర్కర, పంచతంత్రం, తేయాకు అక్కడికి వెళ్ళాయి. ఇరాన్ అనేక భాషల, మతాల దేశం. నవ్‌రోజ్, మొహర్రం రెండూ అక్కడి జీవితంలో కలిసి ఉన్నాయి. స్త్రీల విషయంలో కఠినమైన చట్టాలూ, చదువుకొని నిలబడి అడిగే స్త్రీలూ ఉన్నారు. ప్రభుత్వం వేరు, సమాజం వేరు అని గుర్తించడం ఆ దేశాన్ని అర్థం చేసుకోవడంలో మొదటి మెట్టు.

పాఠం మొదట్లో అయిదు మాటలు రాసిన కాగితాన్ని ఇప్పుడు తీయండి. పాత మాటలు కొట్టివేయవద్దు. వాటి పక్కన మరో అయిదు మాటలు చేర్చండి.

11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వరుసల్లో జవాబులు రాయండి.
1. తెలంగాణ పాలనా పదజాలంపై, సంస్కృతిపై పారశీక ప్రభావాన్ని వివరించండి.
2. ఇరాన్ స్త్రీల స్థితిలోని రెండు పార్శ్వాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వరుసల్లో జవాబులు రాయండి.
1. "శక్కర్‌నగర్" పేరు వెనుక ఉన్న పద ప్రయాణాన్ని తెలపండి.
2. ఇరాన్ మొహర్రం, తెలంగాణ పీర్ల పండుగల మధ్య పోలికలు, తేడాలు రాయండి.
3. హఫ్త్ తప్పే, బోధన్ ఫ్యాక్టరీల చరిత్రలను పోల్చండి.

III. కృత్యం
ఇరాన్ గురించి ఈ వారం వచ్చిన ఒక వార్తను కత్తిరించి, పై నాలుగు ప్రశ్నల ఆధారంగా ఒక పేజీ విశ్లేషణ రాసి మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి. చక్కెర ఫ్యాక్టరీలో పని చేసిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, హఫ్త్ తప్పే సమ్మె గురించి వారికి చెప్పి, వారు అన్న మాటలను కూడా మీ విశ్లేషణకు జతచేయండి.